ఊరంతటికీ చేరిన జాబు మన ఇంటికి ఎందుకు చేరలేదు

ఇది కాస్త పొడుగు పోస్టు. తీరిక చూసుకుని చదవండి, చదివినాక మీ మాట కింద రాయండి. ఇంకో పదిహేను దినాల్లో సర్వసభ్య సమావేశం ఉంది. ఆ లోపల ఈ సంగతి అందరికీ తెలిసి ఉండాలని రాస్తున్నాను.

సంగతి ఇది. ఈ సంవత్సరం చదువు సాయానికి మన వెబ్‌సైటులో ఫారం నింపి పంపిన 23 మంది పిల్లల దరఖాస్తులు కమిటీ చేతికి రాలేదు. గడువు జులై 31. సాయం ఆగస్టులో పంచేశారు. ఆ 23 మంది పేర్లు జాబితాలో లేవు. సెప్టెంబరులో వెతికితే అన్నీ దొరికాయి. అవి దారిలో పోలేదు, ఎవరూ దొంగిలించలేదు. మన సంఘం డబ్బు కట్టి పెట్టుకున్న సర్వర్‌లోనే, ఎవరూ తెరవని ఒక పాత పెట్టెలో కూర్చుని ఉన్నాయి.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. ఆ 23 దరఖాస్తులూ గడువులోపల అందినట్టే లెక్క వేయాలి. "పాపం, మిషన్ తప్పు, వచ్చే ఏడు చూద్దాం" అని తోసేయకూడదు. ఎందుకో తెలియాలంటే అసలు ఏమి జరిగిందో తెలియాలి. అందుకే మెయిల్ సర్వర్ సంగతి కొంచెం విప్పి చెబుతాను. నేను రైల్వేలో గుమాస్తాగా పనిచేసి రిటైరైనవాణ్ణి, చదివింది తమిళ మీడియం, కంప్యూటరు చదువు చదవలేదు. కానీ పార్సెల్ ఆఫీసులో కొన్నేండ్లు కూర్చున్నవాడికి ఈ లెక్క అర్థం కాకుండా పోదు. వెబ్‌సైటు చూసే తమ్ముడితో రెండు సాయంత్రాలు కూర్చుని ఒక్కొక్కటీ చూసిన మీదటే రాస్తున్నాను.

ముందు పైకి ఏమి కనబడిందో చూడండి. ఫారం నింపి బటన్ నొక్కగానే రెండు మెయిళ్ళు బయలుదేరతాయి. ఒకటి దరఖాస్తు పెట్టినవాళ్ళకు, "మీ దరఖాస్తు అందింది" అని. రెండోది మన సంఘం డొమైన్‌లో ఉన్న చదువు సాయం చిరునామాకు, నింపిన వివరాలన్నిటితో. మొదటిది అందరికీ సరిగ్గా పోయింది. రెండోది ఒక్కటి కూడా రాలేదు. అంటే పిల్లల చేతిలో రసీదు ఉంది, మన చేతిలో కాగితం లేదు.

కమిటీకి అనుమానం ఎందుకు రాలేదంటే, ఈ ఏడు 41 దరఖాస్తులు నేరుగా మెయిల్‌లోనూ కాగితం మీదా వచ్చాయి. ప్రతి ఏడూ వచ్చే లెక్క దాదాపు అంతే. కాబట్టి అంతా సరిగ్గా ఉందనుకున్నారు. కానీ ఆ 41 ఎవరివో చూడండి. ఎక్కువ భాగం చెన్నైలో ఉన్నవాళ్ళవి, కమిటీవాళ్ళు ముఖం చూసి గుర్తుపట్టేవాళ్ళవి. ఫారం మీద నమ్మకం పెట్టుకున్నది హోసూరు, గుడియాత్తం, సాత్తూరు, బోడినాయకనూరు వైపువాళ్ళు. ఆఫీసుకు వచ్చి కాగితం ఇచ్చి పోవాలంటే వాళ్ళకు ఒక దినం కూలీ పోతుంది. దెబ్బ తగిలింది వాళ్ళకే.

గుడియాత్తం నుంచి ఒక అక్క ఫోను చేసి అడిగిన మాట ఇది: "అన్నా, అందిందని మీరే జాబు పంపినారే, ఇప్పుడు రాలేదంటే ఎట్లా? పట్నంలో ఉండేవాండ్ల బిడ్డలకేనా సాయం?" ఆ అక్కకు ఏమని జవాబు చెప్పాలి? సర్వర్, రౌటింగ్ అంటే ఆమెకు అది సాకులాగే వినబడుతుంది. అందుకే ముందు మనకు సరిగ్గా తెలిసి ఉండాలి.

మెయిల్ ఎట్లా పోతుందో చెబుతాను. ఈ పద్ధతికి ఎస్‌ఎమ్‌టీపీ అని పేరు, 1982లో జోనథన్ పోస్టెల్ రాసిన నియమాలతో నడక మొదలుపెట్టింది. చిరునామాలో ఏట్ గుర్తుకు ఎడమవైపు ఉన్నది మనిషి పేరు, కుడివైపు ఉన్నది డొమైన్, అంటే ఊరి పేరు. ఆ ఊరికి జాబులు ఏ మిషన్ తీసుకుంటుందో చెప్పే ఒక బహిరంగ పట్టిక ఉంది. దాన్ని ఎమ్ఎక్స్ రికార్డు అంటారు. 1986 నుంచి ఉన్న ఏర్పాటు ఇది. పంపే సర్వర్ డీఎన్ఎస్‌లో ఆ రికార్డు చూసి, అందులో చెప్పిన సర్వర్‌కు జాబు అందిస్తుంది.

మనకు తెలిసిన లెక్కలో చెప్పాలంటే, పార్సెల్ మీద "మద్రాసు" అని రాస్తే చాలదు. సెంట్రల్‌కు ఎమ్ఏఎస్, ఎగ్మూరుకు ఎమ్ఎస్. కోడ్ చూసే గుమాస్తా ఏ బండికి ఎక్కించాలో తేలుస్తాడు. ఎమ్ఎక్స్ రికార్డు అట్లాంటి కోడ్. ఊరి పేరు మారకుండానే జాబులు దిగే స్టేషన్ను మార్చుకోవచ్చు. పట్టికలో ఒక్క గీత మారిస్తే లోకమంతా కొత్త చోటికి పంపడం మొదలుపెడుతుంది.

మనం చేసిందీ అదే. ముందు మన వెబ్‌సైటూ, మెయిల్ పెట్టెలూ ఒకే హోస్టింగ్ సర్వర్‌లో ఉండేవి. పెట్టెలు చిన్నవి, చెత్త మెయిళ్ళు ఎక్కువ. అందుకని ఫిబ్రవరిలో మెయిల్ మాత్రం వేరే పెద్ద మెయిల్ సేవకు మార్చారు. వెబ్‌సైటు పాత చోటే ఉంది. ఎమ్ఎక్స్ రికార్డు మార్చారు. బయట నుంచి మెయిళ్ళు కొత్త పెట్టెల్లోకి చక్కగా రావడం మొదలయ్యాయి. అందరూ పని అయిపోయిందన్నారు.

ఒక్కటి మిగిలిపోయింది. మెయిల్ సర్వర్ ఏదైనా సరే, ఎగ్జిమ్ కానివ్వండి, పోస్ట్‌ఫిక్స్ కానివ్వండి, చేతికి జాబు రాగానే ఎమ్ఎక్స్ రికార్డు చూడదు. ముందు తన దగ్గరున్న ఒక సొంత జాబితా చూస్తుంది. "ఈ డొమైన్ నాదా?" అన్నది దాని మొదటి ప్రశ్న. జాబితాలో పేరుంటే ఇంక బయటికి చూసే పనే లేదు, అక్కడికక్కడే లోపలి పెట్టెలో వేసేస్తుంది. పేరు లేకపోతేనే డీఎన్ఎస్‌ను అడిగి బయటికి పంపుతుంది. మన పాత హోస్టింగ్ సర్వర్‌లోని ఆ జాబితాలో మన డొమైన్ పేరు అట్లాగే ఉండిపోయింది.

దీన్ని ఇట్లా ఊహించుకోండి. ఒక ఊరి పార్సెల్ ఆఫీసును పాత స్టేషన్ నుంచి కొత్త స్టేషన్‌కు మార్చారు. అన్ని స్టేషన్లకూ సర్క్యులర్ పోయింది. పాత స్టేషన్‌లో బుకింగ్ కిటికీ మాత్రం ఇంకా ఉంది. ఆ కిటికీ దగ్గర ఎవరైనా అదే ఊరికి పార్సెల్ బుక్ చేస్తే ఏమవుతుంది? అక్కడి గుమాస్తా తన పుస్తకం చూస్తాడు. "ఈ ఊరు మనదే, బండి ఎక్కించే పనేముంది" అని వెనక గోదాములోకి తోస్తాడు. వేరే ఊళ్ళకు బుక్ చేసినవన్నీ బండి ఎక్కి పోతాయి. బయటివాళ్ళు పంపినవన్నీ కొత్త స్టేషన్‌కు చేరతాయి. ఆ కిటికీలో సొంత ఊరికి బుక్ చేసినవి మాత్రం గోదాములో పడి ఉంటాయి. గుమాస్తా తన పుస్తకం ప్రకారం సరిగ్గానే చేశాడు. పుస్తకంలో ఆ గీత కొట్టేయమని అతనికి చెప్పినవాళ్ళు లేరు.

మన వెబ్‌సైటు ఫారం ఆ కిటికీ. దరఖాస్తుదారుడి జీమెయిల్‌కు పోయే రసీదు బయటి ఊరికి, కాబట్టి బండి ఎక్కింది. చదువు సాయం చిరునామాకు పోయేది సొంత ఊరికి, కాబట్టి గోదాములో పడింది. పైగా పాత పెట్టెలను మార్పు తరువాత ఎవరూ తీసేయలేదు. చదువు సాయం పేరుతో పాత పెట్టె అక్కడే ఉంది కనుక సర్వర్ సంతోషంగా అందులో వేసి "అందజేశాను" అని లాగులో రాసుకుంది. పాత పెట్టె లేకుండా ఉంటే "అట్లాంటి మనిషి ఇక్కడ లేడు" అని తిప్పి కొట్టేది, ఆ తిరుగు జాబు చూసి ఎవరో ఒకరు అప్పుడే మేలుకునేవాళ్ళు.

ఇది మన ఒక్క సంఘానికే వచ్చే జబ్బు కాదు. వెబ్‌సైటు ఒకచోట, మెయిల్ ఒకచోట పెట్టుకున్న ఏ సంఘానికైనా, బడికైనా, చిన్న అంగడికైనా రావచ్చు. బెంగుళూరు, బరంపురం, యానాం వైపు మన మిత్రులు కూడా ఇది చదువుతారు కనుక పరీక్ష చేసే విధం రాస్తాను. మూడు జాబులు చాలు.

మొదటిది, బయటి జీమెయిల్ నుంచి సంఘం చిరునామాకు పంపండి. వస్తే ఎమ్ఎక్స్ రికార్డు సరిగ్గా ఉన్నట్టు. రెండోది, వెబ్‌సైటు ఫారం నుంచి ఒక బయటి జీమెయిల్‌కు పోయేటట్టు చేసి చూడండి. పోతే వెబ్‌సైటు సర్వర్‌కు జాబు పంపే శక్తి ఉన్నట్టు. మూడోది, అదే ఫారం నుంచి సంఘం సొంత చిరునామాకు. మొదటి రెండూ పోయి మూడోది రాకపోతే, కొత్త పెట్టె స్పామ్‌లో కూడా లేకపోతే, ముందు అనుమానించవలసింది ఈ "నాదా" జాబితానే. తరువాత లాగు చూడండి. బయటికి పోయిన జాబు పక్కన అవతలి సర్వర్ పేరూ ఐపీ నంబరూ ఉంటాయి. లోపల వేసిన జాబు పక్కన అవి ఉండవు, లోకల్ పెట్టె పేరే ఉంటుంది. మన లాగులో సరిగ్గా అట్లాగే ఉంది. తమ్ముడు ఆ రెండు వరుసలూ పక్కపక్కన పెట్టి చూపించగానే తేలిపోయింది.

సరిచేసిన విధమూ చిన్నదే. సీప్యానెల్ ఉన్న హోస్టింగ్‌లో "ఈమెయిల్ రౌటింగ్" అని ఒక పేజీ ఉంటుంది. మన డొమైన్‌కు అక్కడ "లోకల్" అని ఉన్నదాన్ని "రిమోట్" అని మార్చాం. సొంతంగా సర్వర్ నడిపేవాళ్ళు పోస్ట్‌ఫిక్స్ వాడుతుంటే "మైడెస్టినేషన్" అనే వరుసలో తమ డొమైన్ పేరు ఉందా చూడాలి. మెయిల్ వేరే చోట ఉన్నప్పుడు అది అక్కడ ఉండకూడదు. కొట్టేసి సర్వీసు రీలోడ్ చేస్తే చాలు. అయితే కొట్టేసే ముందు ఎమ్ఎక్స్ రికార్డు నిజంగా కొత్త చోటు చూపుతోందో లేదో ఖాయం చేసుకోండి. రికార్డు ఇంకా ఈ సర్వర్‌నే చూపుతూ, జాబితాలో పేరు లేకపోతే, జాబు తిరిగి తన దగ్గరికే వస్తోందని సర్వర్ గోల పెడుతుంది. దాన్నే "లూప్స్ బ్యాక్ టు మైసెల్ఫ్" అంటుంది.

ఇంకో అడుగు కూడా ఉంది. ఇప్పుడు ఫారం జాబు వెబ్‌సైటు సర్వర్ నుంచి బయలుదేరి, బయటి దారిలో కొత్త మెయిల్ సేవకు చేరుతుంది. పంపినవారి చిరునామా మన డొమైనే, పంపిన మిషన్ మాత్రం మెయిల్ సేవది కాదు. కొత్త సేవ దాన్ని చూసి "ఇంటివాడి పేరు చెప్పుకుని ఎవడో తలుపు తడుతున్నాడు" అని స్పామ్‌లో వేయవచ్చు. దానికే ఎస్‌పీఎఫ్ రికార్డు ఉంది. మన డొమైన్ పేరుతో పంపడానికి ఏ మిషన్లకు అనుమతి ఉందో అది చెబుతుంది. ఒక డొమైన్‌కు ఒకే ఎస్‌పీఎఫ్ రికార్డు ఉండాలి. పాతది ఉంచి పక్కన ఇంకొకటి పెడితే రెండూ చెడతాయి. ఇంతకన్నా మేలైన దారి, వెబ్‌సైటు ఫారమే యూజర్ పేరూ పాస్‌వర్డూ ఇచ్చి 587 పోర్టు ద్వారా కొత్త మెయిల్ సేవకు జాబు అప్పగించడం. మేము అట్లాగే చేశాం. 2024 ఫిబ్రవరి నుంచి జీమెయిల్‌వాళ్ళు కూడా తమకు మెయిల్ పంపే ప్రతి డొమైన్‌కూ ఎస్‌పీఎఫ్ గానీ డీకిమ్ గానీ ఉండాలని గట్టిగా అడుగుతున్నారు, కాబట్టి ఈ పని ఎట్లాగూ తప్పదు.

ఇప్పుడు మన వాట్సాప్ గ్రూపులో వచ్చిన సలహాలకు వస్తాను. మంచి మనసుతో చెప్పినవే, కానీ మూడు సలహాలు నేను ఒప్పుకోను.

ఒకటి, "ఫారంలో సెక్రటరీగారి సొంత జీమెయిల్ పెట్టేస్తే పోలేదా?" పోతుంది, రేపే పని జరుగుతుంది. కానీ పదవి మారిన దినం ఆ పెట్టె ఆయనతోనే ఇంటికి పోతుంది. పిల్లల ఆదాయ సర్టిఫికెట్లు, బ్యాంకు పాస్‌బుక్ పేజీలు, కులం కాగితాలు ఒకరి సొంత పెట్టెలో చేరడం వాళ్ళకూ మంచిది కాదు, ఆయనకూ మంచిది కాదు.

రెండు, ఒక మిత్రుడు ఎవరినో అడిగి "సర్వర్‌లో రిలే అందరికీ తెరిచేయండి, అన్నీ పోతాయి" అన్నాడు. దయచేసి ఆ పని మాత్రం ఎవరూ చేయకండి. రిలే అంటే ఒకరి జాబును ఇంకొకరికి అందించే పని. తెలిసిన మిషన్లకో, పాస్‌వర్డ్ చెప్పినవాళ్ళకో మాత్రమే చేయాలి. అందరికీ తెరిస్తే దాన్ని ఓపెన్ రిలే అంటారు. చెత్త మెయిళ్ళు పంపేవాళ్ళు అట్లాంటి సర్వర్లకోసం నిత్యం వెతుకుతూ ఉంటారు. వాళ్ళు మన సర్వర్ గుండా పంపడం మొదలుపెడితే మన ఐపీ నంబరు నల్లజాబితాలో పడుతుంది, తరువాత మన మంచి జాబులు కూడా ఎవరూ తీసుకోరు. పైగా మన సమస్యకు అది మందే కాదు. మన సర్వర్ జాబును బయటికి పంపనని అనలేదు. బయటికి పంపే పనే లేదనుకుంది.

మూడోది, "మెయిలే వద్దు, అంతా వాట్సాప్‌లో పెడదాం." ఈ మాటలో బలం ఉంది, నేను కాదనను. మన పెద్దవాళ్ళలో చాలామంది మెయిల్ తెరవరు, వాట్సాప్ చూస్తారు. సమాచారం చెప్పడానికి వాట్సాప్ వాడుకుందాం. కానీ దరఖాస్తు అంటే తేదీ ఉన్న కాగితం. ఎప్పుడు వచ్చింది, ఎవరు చూశారు, ఏమని జవాబిచ్చారు అని రెండేండ్ల తరువాత కూడా చూపించగలగాలి. ఫోను మారితే పోయే చోట, ఎవరైనా గ్రూపు వదిలితే తెగిపోయే చోట దాన్ని పెట్టకూడదు. ఈ 23 దరఖాస్తులు మనకు తేదీతో సహా దొరికాయంటే అవి మెయిల్ కావడం వల్లనే.

ఇక ఎవరిది తప్పు అన్న ప్రశ్న. కొందరు వెబ్‌సైటు చూసే తమ్ముణ్ణి తిడుతున్నారు. అది అన్యాయం. ఫిబ్రవరిలో మెయిల్ మార్చినవాళ్ళు వేరే. వాళ్ళు ఉద్యోగం మీద ఊరు మారారు. ఈ తమ్ముడికి వచ్చింది ఒక పాస్‌వర్డ్ మాత్రమే. ఏది ఎక్కడ ఉంది, ఏది మార్చారు, ఏది మిగిలింది అని రాసిన ఒక్క కాగితం లేదు. ఇద్దరూ జీతం లేకుండా చేసినవాళ్ళే.

రైల్వేలో ఒక గుమాస్తా సెలవు మీద పోవాలన్నా ఛార్జి అప్పగించి పోవాలి. క్యాష్ ఎంత, టికెట్ల నంబర్లు ఎక్కడి నుంచి ఎక్కడిదాకా, గోదాములో ఏమేమి పార్సెళ్ళు ఉన్నాయి, తాళాలెన్ని, అన్నీ రాసి ఇద్దరూ సంతకం పెట్టాలి. మనుషుల మీద నమ్మకం లేక పెట్టిన నియమం కాదది. తరువాత వచ్చేవాడు గుడ్డిగా కూర్చోకూడదని పెట్టింది. మన సంఘంలో బీరువా తాళానికి, బ్యాంకు చెక్కు పుస్తకానికి ఛార్జి అప్పగింత ఉంది. డొమైన్‌కు లేదు, మెయిల్‌కు లేదు. డొమైన్ ఇప్పటికీ ఒక పాత సభ్యుడి సొంత పేరు మీద, ఆయన సొంత కార్డు మీద ఉంది. ఆయన మంచివాడు కాబట్టి ప్రతి ఏడూ రెన్యూవల్ కట్టేస్తున్నాడు. ఆయనకు ఒక ఏడు ఒంట్లో బాగులేక మరిచిపోతే మన పేరే మన చేతిలో ఉండదు.

కాబట్టి సమావేశంలో ఈ తీర్మానాలు పెట్టమని కమిటీని అడుగుతున్నాను.

మొదటిది, డొమైన్‌ను సంఘం పేరు మీదికి మార్చాలి. డొమైన్, హోస్టింగ్, మెయిల్ సేవ మూడింటి తాళాలూ ఇద్దరి దగ్గర ఉండాలి. ఒకరు పదవిలో ఉన్నవారు, ఒకరు పదవిలో లేనివారు.

రెండోది, ఒక నోటు పుస్తకం పెట్టాలి. కంప్యూటర్లో కాదు, కాగితం పుస్తకం. వెబ్‌సైటు ఎక్కడ, మెయిల్ ఎక్కడ, ఎమ్ఎక్స్ ఏది చూపుతోంది, ఎస్‌పీఎఫ్‌లో ఏముంది, ఫారం జాబు ఏ దారిలో పోతోంది అని తెలుగులోనూ తమిళంలోనూ రాయాలి. ఏదైనా మార్చినప్పుడు, కొత్త చోట ఏమి పెట్టారో రాసినట్టే పాత చోట ఏమి కొట్టేశారో కూడా రాసి సంతకం పెట్టాలి.

మూడోది, ప్రతి నెలా ఒకటో తేదీన పైన చెప్పిన మూడు జాబులు పంపి చూడాలి. ఐదు నిమిషాల పని. ఎవరూ ముందుకు రాకపోతే నేను చేస్తాను.

నాలుగోది, దరఖాస్తుల సీజనులో వారానికొకసారి ఫారం లెక్కా, చేతికొచ్చిన మెయిళ్ళ లెక్కా సరిపోల్చాలి. ఫారం నింపిన ప్రతి వివరమూ వెబ్‌సైటులోనే విడిగా భద్రమయ్యేటట్టు కూడా పెట్టవచ్చు, అప్పుడు మెయిల్ దారి చెడినా కాగితం పోదు. రసీదు జాబు కూడా ఇంగ్లీషులో మాత్రమే కాకుండా తమిళంలోనూ తెలుగులోనూ ఉండాలి. మన పిల్లల్లో తెలుగు మాట్లాడేవాళ్ళున్నారు, చదవగలిగేవాళ్ళు తక్కువని మనకు తెలిసిందే.

ఐదోది అన్నిటికన్నా ముఖ్యం. ఆ 23 దరఖాస్తులను అవి పాత పెట్టెలో పడిన తేదీనాడే అందినట్టు లెక్కగట్టి, మిగతావాటిలాగే పరిశీలించి, అర్హత ఉన్నవాళ్ళకు ఈ ఏటి సాయం ఈ ఏడే ఇవ్వాలి.

దీనికి అభ్యంతరాలు విన్నాను. "గడువు గడువే, ఇప్పుడు ఒప్పుకుంటే ప్రతి ఏడూ ఎవరో ఒకరు ఆలస్యంగా వచ్చి అడుగుతారు" అంటున్నారు. గడువు విషయంలో నేనూ గట్టివాణ్ణే, బండి కదిలినాక టికెట్ ఇచ్చే అలవాటు నాకు లేదు. కానీ వీళ్ళు ఆలస్యంగా రాలేదు. మన కిటికీలో, మనం చెప్పిన ఫారం మీద, గడువులోపల బుక్ చేశారు. మనమే రసీదు ఇచ్చాం. ఆ తరువాత పార్సెల్ మన గోదాములో పడి ఉంటే బుక్ చేసినవాడిని ఆలస్యం చేశావంటామా?

చట్టం కూడా దాదాపు ఇదే మాట చెబుతుంది. 2000 సంవత్సరపు ఐటీ చట్టం 13వ సెక్షన్‌లో ఎలక్ట్రానిక్ రికార్డు ఎప్పుడు అందినట్టో ఉంది. వేరే ఒప్పందం లేకపోతే, అందుకునేవాడు ఒక కంప్యూటర్ వనరును దీనికోసమని చూపించి ఉంటే, అందులోకి ప్రవేశించిన సమయమే అందిన సమయం. ఫలానా ఫారంలో పెట్టండి అని చూపించింది మనం. అది ప్రవేశించింది మన సర్వర్‌లోకి. ఎవరూ కోర్టుకు పోరు, పోవాలని నేను కోరను. కానీ చట్టం పరాయివాళ్ళకు ఇచ్చే న్యాయం మన సంఘం మన బిడ్డలకు ఇవ్వకపోతే ఎట్లా?

"డబ్బు అయిపోయింది" అన్నది రెండో మాట. నిజమే, ఈ ఏటి కేటాయింపు అయిపోయింది. కొందరు పెద్దమనసుతో చందా వేసి ఇద్దామన్నారు. నేను చందా వద్దంటాను. చందా వేసి ఇస్తే అది దానం అవుతుంది, ఆ కుటుంబాలు మొహమాటంగా చేయి చాపాలి. ఇది సంఘం బాకీ. వచ్చే ఏటి కేటాయింపు నుంచి ముందుగా తీసి ఇవ్వాలి, వచ్చే ఏటికి తగ్గిన మొత్తాన్ని సంఘం ఖర్చులు తగ్గించి పూడ్చాలి. వార్షికోత్సవం భోజనాల్లో ఒక స్వీటు తగ్గితే ఎవరికీ నష్టం లేదు.

ఆ 23 ఇళ్ళకూ సమావేశానికి ముందే ఒక ఉత్తరం పోవాలి. మెయిల్‌లో ఒకటి, తపాలాలో కాగితం మీద ఒకటి. "మీ దరఖాస్తు ఫలానా తేదీన మాకు అందింది. మా సర్వర్‌లో ఒక పాత అమరిక వల్ల కమిటీకి కనబడలేదు. ఇప్పుడు కనబడింది, పరిశీలనలో ఉంది" అని మూడు వాక్యాలు చాలు. సాకులు వద్దు, సాంకేతిక పదాలు వద్దు. సెక్రటరీగారు సంతకం పెట్టి ఇస్తే కవర్ల మీద చిరునామాలు నేను రాసి పోస్టు చేస్తాను.

ఈ తీర్మానాలను బలపరిచేవాళ్ళు కింద పేరూ సభ్యత్వ నంబరూ రాయండి. ఒప్పుకోనివాళ్ళు ఎందుకో రాయండి, ముఖ్యంగా ఐదోదాని మీద. సమావేశంలో ఆ జవాబులన్నీ చదివి వినిపిస్తాను.